ఆటగాడిలో బయటివాడి వాటా

ప్రశ్న: పేద క్లబ్బులకు పెట్టుబడి తెచ్చే మూడో పక్షం వాటాలను ఫిఫా ఎందుకు నిషేధించింది?

జవాబు: డబ్బు పెట్టినవాడు పెత్తనమూ అడుగుతాడు కనుక. 2012లో లిస్బన్ క్లబ్బు స్పోర్టింగ్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్కోస్ రోహోను కొన్నప్పుడు డోయెన్ అనే సంస్థ 30 లక్షల యూరోలిచ్చి అతని ఆర్థిక హక్కుల్లో, అంటే అతన్ని అమ్మితే వచ్చే సొమ్ములో, 75 శాతం తీసుకుంది. రెండేళ్లకే మాంచెస్టర్ యునైటెడ్ 2 కోట్ల యూరోలకు అతన్ని ఎగరేసుకుపోయింది. అమ్మమని డోయెన్ ఒత్తిడి పెట్టిందంటూ స్పోర్టింగ్ ఆ సంస్థతో ఒప్పందం రద్దు చేసుకుంది. 2015లో క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు మాత్రం డోయెన్ పక్షానే తీర్పిచ్చింది. ఆటగాడు కుదురుగా ఆడితే క్లబ్బుకు లాభం, చేతులు మారితేనే వాటాదారుకు రాబడి. చిక్కంతా అక్కడే. ఆ సొమ్ము లేకుంటే రోహో లిస్బన్‌కు వచ్చేవాడా అంటే, అనుమానమే. నిషేధంపై ఆ అభ్యంతరంలో బలముంది. ఈ వాటా గేదెను పాలికివ్వడం లాంటిదేగా అనీ అంటారు. గేదెకు కెరీర్ ఉండదు మరి! 2015 మే 1 నుంచి కొత్త వాటాలు కుదరవు. తర్వాతి అమ్మకంలో పాత క్లబ్బుకిచ్చే శాతం మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.