అందరికీ ఒకే జవాబు వద్దు

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. నర్సుగా డ్యూటీలో చేరి రెండు నెలలు కాకముందే ఇంట్లో అందరూ నీ ఉద్యోగానికి గడువు పెట్టేశారన్నమాట. అమ్మ ‘నైట్ డ్యూటీలు నీ ఒంటికి పడవు’ అంటోంది. మామయ్య ‘ఎంతకాలంలే, పెళ్లయితే మానేస్తుంది’ అంటున్నాడు. నాన్న మాత్రం ఏమీ అనకుండా బ్యాంకు పరీక్షల పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముగ్గురికీ కలిపి ఏం చెప్పాలో రాయమన్నావు. ముగ్గురూ ఒకటే అడగడం లేదు తల్లీ, అందుకే ఒక్క జవాబు కుదరదు.

మామయ్య మాట వదిలెయ్. నువ్వు టీచరువైనా ఆయన అదే అనేవాడు.

నాన్నది డబ్బు గురించిన దిగులు. అందులో న్యాయం ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాలు తక్కువన్న సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో కోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలకు లోపున్న ఆసుపత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. సిఫార్సు వేరు, చేతికొచ్చే జీతం వేరు. కాబట్టి ‘బాగానే ఇస్తారు నాన్నా’ అని సర్దిచెప్పకు. పే స్లిప్ చూపించు. ప్రభుత్వ పోస్టుల కోసం చదువుతున్నావని చెప్పు, నిజంగానే చదువు. 2024 జనవరిలో హైదరాబాద్‌లో ఒకేరోజు దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. అలాంటి నోటిఫికేషన్ వచ్చేనాటికి నీ రిజిస్ట్రేషన్, ఒరిజినల్ సర్టిఫికెట్లు నీ దగ్గరే భద్రంగా ఉండాలి.

ఇక అమ్మ. దాని భయం నాకు తెలుసు, అది నా చెల్లెలు. రాత్రి ఎనిమిదికి నువ్వు గడప దాటితే తెల్లవార్లూ దాని కళ్లముందు ఏమీ కనపడదు, ఆ చీకట్లో ఏవేవో ఊహించుకుంటుంది. ‘నేను చిన్నపిల్లనా’ అని నువ్వు అరిస్తే ఆ ఊహలు ఇంకా పెరుగుతాయి. నెల రోస్టర్ వంటింట్లో అంటించు. నీతో డ్యూటీలో ఎవరుంటారో, పొద్దున ఏ బండిలో వస్తావో, ఆసుపత్రిలో ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీలో ఎవరున్నారో చెప్పు. ఆ కమిటీ ఉండాలని 2013 చట్టమే చెబుతోంది. నీకే ఆ పేర్లు తెలియకపోతే రేపే కనుక్కో. తరవాత దాన్ని సాయం అడుగు: నైట్ చేసి వచ్చిన రోజు గది చీకటి చేసి, మధ్యాహ్నం దాకా ఎవరొచ్చినా లేపొద్దని. అడ్డుపడే తల్లే కాపలా ఉంటుంది చూడు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మ ముందు దీపం పట్టుకుని ప్రమాణం చేశావు కదా, ఆమె ఇంటి సంగతి చెప్పారా మీకు? 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రిలో పని నేర్చుకుంటానంటే తల్లీ అక్కా హడలిపోయారు. ఆ రోజుల్లో ఆసుపత్రి నర్సులకు మంచిపేరు లేదు, పైగా వాళ్లది కలిగిన కుటుంబం. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె ఇల్లు విడిచి పారిపోలేదు. తెల్లవారకముందే లేచి ఆసుపత్రుల నివేదికలు చదువుకుంది. 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌కు వెళ్లి శిక్షణ పొందింది. 1853లో లండన్‌లో ఒక చిన్న ఆసుపత్రి బాధ్యత తీసుకునేసరికి తండ్రే ఏడాదికి 500 పౌండ్లు ఏర్పాటు చేశాడు. క్రిమియా యుద్ధానికి వెళ్లింది ఆ మరుసటి ఏడాది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. నువ్వు రెండు నెలలకే నిరాశపడుతున్నావు.

నీ ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాసిన మాట కూడా చదివాను. బాత్రూంలో ఏడ్చానన్నావు, వీళ్లన్నదే నిజమేమో అన్నావు. మొదటి ఏడాది ఏడవని నర్సును నేను చూడలేదు. ఏడుపును బట్టి నువ్వు ఈ పనికి పనికిరావని తేల్చకు. తెల్లవారుజామున మూడింటప్పుడు కళ్లు మూతలు పడుతుంటే మందు లేబుల్ రెండోసారి చదువుతున్నావా? పొటాషియం క్లోరైడ్ ఎప్పుడూ నేరుగా నరంలోకి ఎక్కించకూడదని, సెలైన్‌లో కలిపి నెమ్మదిగానే ఇవ్వాలని గుర్తుందా? అనుమానం వస్తే సిస్టర్‌ను నిద్రలేపి అయినా అడుగుతున్నావా? షిఫ్ట్ అప్పగించేటప్పుడు మంచం దగ్గరే నిలబడి చెబుతున్నావా? వీటికి అవునని చెప్పగలిగితే నువ్వు ఈ పనిలో నిలబడుతున్నట్టే. కాదంటే ముందు అది సరిచేసుకో, ఇంట్లో వాదనలు తరవాత.

జీవితాంతం చేస్తానని ఎవరికీ మాటివ్వకు, ఎవరూ నమ్మరు. ఏడాది చేసి చూస్తాను, అప్పటిదాకా ఈ ప్రస్తావన తేవద్దని అమ్మానాన్నలను అడుగు. ఐసీయూ శిక్షణకు పేరివ్వమన్నారని రాశావు. సోమవారమే ఇచ్చెయ్.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ