బొమ్మకారు ఒక పక్కకే ఎందుకు పోతుంది?

రేడియో తరంగాలతో నడిచే బొమ్మకారును మోమిన్‌పేటలోనో, తాండూరులోనో నాపరాళ్ళు పరిచిన వసారాలో వదిలారనుకుందాం. చేతిలోని పెట్టె మీద దేన్నీ తిప్పకపోయినా కారు ఎడమకే పోతోంది! వెంటనే "రేడియో చెడిపోయింది" అనకండి. తప్పు ఎక్కడుందో వరుసగా వెతుకుదాం.

ముందు నేలను పరీక్షించండి. కారును తూర్పు నుంచి పడమరకు, తర్వాత అదే దారిలో పడమర నుంచి తూర్పుకు నడపండి. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతే నేల వాలుగా ఉందన్నమాట. రెండుసార్లూ ఎడమకే పోతే లోపం కారులో ఉంది.

మంచి బొమ్మకార్లలో ముందు చక్రాలను తిప్పేది సర్వో. అందులో చిన్న మోటారు, పళ్ళచక్రాలు, ఇరుసు ఎంత తిరిగిందో తెలిపే మారే నిరోధం ఉంటాయి. మీ ఆజ్ఞ సర్వోకు సెకనుకు సుమారు 50 విద్యుత్ స్పందనలుగా అందుతుంది. సాధారణంగా ఒక్కో స్పందన 1.5 మిల్లీసెకన్లుంటే నడిమి స్థానం. 1కి తగ్గితే ఒక పక్క, 2కు పెరిగితే రెండో పక్క. కోరిన స్థానం వచ్చేదాకా మోటారు తిరిగి, ఆగుతుంది.

ఇప్పుడు పరీక్షలు:

1. ట్రిమ్ మీటను మధ్యలో ఉంచి, ముందు పెట్టె స్విచ్చి, తర్వాత కారు స్విచ్చి వేయండి. సర్వో చేయి వంకరగా నిలిస్తే, మర విప్పి తిన్నగా బిగించండి.

2. ముందు చక్రాన్ని వేలితో కదపండి. సర్వో కదలకుండానే చక్రం బాగా ఆడితే కీళ్ళు అరిగాయి. అలాంటి కారు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోతుంది. దాన్ని ట్రిమ్ సరిచేయలేదు.

3. చక్రాలకు పోయే రెండు కడ్డీలూ సమానమేనా? స్కేలుతో కొలవండి.

4. ఇరుసుకు దారం చుట్టుకున్న చక్రం బిగుస్తుంది. కారు ఆ పక్కకే లాగుతుంది.

ఇవన్నీ చూశాక మిగిలిన కొద్ది తేడాను ట్రిమ్‌తో సర్దండి.

ఇక మలుపులు. ఎడ్లబండి తిరిగిన చోట దుమ్ములో జాడ చూశారా? లోపలి చక్రం చిన్న వలయం, బయటి చక్రం పెద్ద వలయం గీస్తాయి. కారులోనూ అంతే. అందుకే ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరగకూడదు. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 24 సెం.మీ. అనుకోండి. వలయ కేంద్రం వెనుక ఇరుసు గీత మీద, లోపలి చక్రానికి 52, బయటి చక్రానికి 68 సెం.మీ. దూరంలో ఉంటే, లోపలి చక్రం సుమారు 25 డిగ్రీలు, బయటిది 19 డిగ్రీలు తిరగాలి. లేకపోతే టైరు నేలకు రాసుకుంటుంది.

చక్రాల పక్కనుండే చిన్న చేతులు కొంచెం వాలుగా ఉండటం వల్లనే ఈ తేడా వస్తుంది. విప్పి బిగించేటప్పుడు కుడి ఎడమలు మార్చకండి! మ్యూనిక్ బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ గుర్రపుబండికి చక్రాలు విడివిడిగా తిరిగే ఏర్పాటు కనిపెట్టాడు. ఆకర్‌మన్ 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. పేరు మాత్రం ఆకర్‌మన్‌దే నిలిచింది.

అనంతగిరి గుట్టల మలుపుల్లో తిరిగే బస్సుకూ ఇదే లెక్క. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఒకసారి ఒక్కటే మార్చి, నడిపి చూసి, పుస్తకంలో రాసుకోండి. రెండు మారిస్తే, కారు బాగుపడినా ఎందుకు బాగుపడిందో మీకు తెలియదు.