అద్దె కోసం ఫ్లాటు కొనవచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లో 75 లక్షలకు ఫ్లాటు కొని అద్దెకివ్వాలనుకుంటున్నాను. నెలకు 22 వేలు వస్తాయంటున్నారు. నా దగ్గర 30 లక్షలున్నాయి, మిగతా 45 లక్షలు బ్యాంకు అప్పు. కొనమంటారా?

జవాబు: ముందు లెక్క చూడండి. ఏడాదికి అద్దె 2.64 లక్షలు. ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని, ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, మరమ్మతులకు 40 వేలు తీసేస్తే మిగిలేది దాదాపు 2 లక్షలే. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం కలిపితే మీ పెట్టుబడి 80 లక్షలు దాటుతుంది. అంటే రాబడి 2.5 శాతం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు అప్పు తీసుకుంటే ఈఎంఐ సుమారు 39 వేలు. ప్రతి నెలా 17 వేలకు పైగా మీ జీతంలోంచే కట్టాలి, ఫ్లాటు ఖాళీగా ఉంటే మొత్తం మీదే.

అద్దె ఆదాయంలో 30 శాతం ప్రామాణిక తగ్గింపు లభిస్తుంది. కానీ కొత్త పన్ను విధానంలో వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. పాత విధానంలో 2 లక్షల వరకు వీలుంది.

అందుకే అద్దె ఒక్కటే లక్ష్యమైతే ఈ ధరకు వద్దనే చెబుతాను. రేపు మీరే అక్కడ ఉండాలనుకుంటే, ఆరు నెలల ఈఎంఐ విడిగా దాచుకుని, అప్పు తగ్గించుకుని కొనండి. సంతకానికి ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ న్యాయవాదికి తప్పక చూపించండి. అదే అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవారిని అడిగి అసలు అద్దె ఎంతో తెలుసుకోండి. అమ్మేవారి మాట మీద లెక్క వేయకండి.