బట్టతలకు పి.ఆర్.పి. చికిత్స: సూదియా? ముళ్ళ రోలరా?

"మా అబ్బాయికి 26 ఏళ్ళకే నడినెత్తి పలుచబడినది. హైదరాబాదులో పి.ఆర్.పి. చేస్తామంటున్నారు. సూదితో చేయించమంటారా, రోలరుతోనా?" అని లింగంపేటలో నన్ను అడిగే తల్లిదండ్రులు ఈ నడుమ పెరిగినారు. వారి కొరకే ఈ వివరణ.

పి.ఆర్.పి. అనగా రోగి రక్తాన్నే 10 నుండి 30 మి.లీ. వరకు తీసి, యంత్రంలో వేగంగా త్రిప్పి వేరుచేసిన పసుపువన్నె ద్రవం. అందులో ప్లేట్‌లెట్లు చిక్కగా ఉంటాయి. అవి విడుదల చేసే వృద్ధికారకాలు సన్నబడిన కేశమూలాలకు బలమిస్తాయని వైద్యుల భావన.

సూది పద్ధతిలో ఆ ద్రవాన్ని సుమారు సెంటీమీటరు ఎడమున చుక్కచుక్కగా చర్మం లోపలికి ఎక్కిస్తారు. కొలిచిన మోతాదు కేశమూలాల దరికి చేరుట ఇందలి గుణం. నొప్పి, కొన్నాళ్ళ వాపు ఇందలి దోషం. రోలరు పద్ధతిలో సన్నని ముళ్ళతో చర్మాన్ని గ్రుచ్చి, పైన ద్రవం పూస్తారు. కొంత ద్రవం జారిపోవును గనుక లోనికి ఎంత చేరినదో తెలియదు.

అయితే గ్రుచ్చుటయే ఒక చికిత్స. 2013లో ముంబయి వైద్యులు 100 మంది పురుషులపై జరిపిన పరిశీలన ప్రచురితమైనది. 12 వారాల తరువాత, మినాక్సిడిల్ మాత్రమే వాడినవారి కంటె, దానితోపాటు రోలరు చేయించుకున్నవారికి వెంట్రుకలు ఎక్కువగా వచ్చినవి. అందులో పి.ఆర్.పి. లేదు. సుశ్రుతుడు కూడ ఇంద్రలుప్తమునకు ప్రచ్ఛానం, అనగా చర్మాన్ని గ్రుచ్చి, పిమ్మట గురువింద గింజల ముద్ద పూయుట చెప్పినాడు. గురువింద విషద్రవ్యం, ఇంట ప్రయోగింపరాదు.

కనుక నా అభిప్రాయమిది. పి.ఆర్.పి. కొరకే డబ్బు వెచ్చించునప్పుడు మోతాదు నిశ్చయంగా చేరే సూది పద్ధతి మేలు. సూదికి ఓర్వలేనివారికి రోలరు తగును. నున్నగా మెరిసే బట్టతలపై ఏ పద్ధతియు జుట్టు మొలిపింపజాలదు. సన్నని వెంట్రుకలు మిగిలియున్న తొలిదశలోనే ప్రయోజనం.

సాధారణంగా నెలకొకటి చొప్పున మూడు విడతలు, పిమ్మట అప్పుడప్పుడు మరొకటి అవసరమగును. ప్రయాణపు ఖర్చుతో సహా మొత్తం ముందే లెక్కించుకొనండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, ప్లేట్‌లెట్ల సంఖ్య పరీక్షింపజేయండి. రక్తం పలుచబరచే మందులు వాడుచున్నచో చర్మవైద్యునికి తెలుపండి. ఒకరి రోలరు మరొకరు వాడరాదు. రక్తం ద్వారా వ్యాధులు సంక్రమించును.