స్ఫోటక కర్మ - శ్రావక ధర్మము

శ్రావకులు విడువవలసిన పదునైదు కర్మాదానములలో స్ఫోటక కర్మ యొకటి; అనగా భూమిని త్రవ్వి, పగులగొట్టి జీవించుట. పృథ్వీకాయ జీవులతోపాటు ఆ నేలను నమ్ముకొన్న త్రసజీవులును అందు నశించును గనుక నీ నిషేధము.

బళ్లారి జిల్లాలోని సండూరు కొండల ఇనుప గనులు దీనికి ప్రత్యక్ష నిదర్శనము. వానికి చేరువనే 1994లో ఏర్పడిన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యమున్నది. చెదలు, చీమలు, తేనె, అడవిపండ్లు ఎలుగుబంటికి ఆహారము. చెట్లు కొట్టి పైమన్ను తీసినచోట పుట్టయు, పండును, తేనెయు నొక్కసారే పోవును.

అక్రమ త్రవ్వకములు మితిమీరగా 2011లో సుప్రీంకోర్టు అచ్చటి గనులను నిలిపివేసినది. 2013 తీర్పులో, గని తిరిగి తెరచుటకు పునరుద్ధరణ ప్రణాళికను షరతుగా విధించినది. మట్టిదిబ్బల పాదమున అడ్డుగోడ కట్టుట, వాగులలోనికి మన్ను జారకుండ చెక్‌డ్యాములు నిర్మించుట, ఆ నేలకు చెందిన చెట్లనే నాటుట ఇట్టి ప్రణాళికలలోని పనులు. తీసిన పైమన్నును విడిగా కాపాడి మరల పరచినచో మొక్క త్వరగా నిలుచును.

“మేము గని త్రవ్వలేదు” అని వర్తకుడు తప్పించుకొనరాదు. చేయుట, చేయించుట, అనుమోదించుట - మూడును కర్మబంధ హేతువులే. ఇనుము కొనునపుడు, వాటా పెట్టునపుడు ఆ కొండకు మన్నును చెట్టును తిరిగి చేరినవా యని విచారించుటయు అహింసావ్రతములోని భాగమే.