పది రూపాయల తేడా

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మలుకి, చిన్నతాత ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి జవాబు అప్పుడే చెప్పొచ్చు గానీ గొంతు పెగల్లేదు. "తాత అంతటి మనిషి నా పద్దు పుస్తకంలో పది రూపాయలు తప్పు ఎలా వేసేరు చిన్నతాతా?" అన్నావు. సీఏ చదువుతున్నదానివి కాబట్టి పట్టీసేవు. మీ నాన్నయితే ఈ జన్మకి పట్టడు.

మీ తాతగారు ట్రెజరీలో అకౌంటెంటు, నేను స్టాంపుల గుమాస్తాని. స్టాంపులుండే గదికి రెండు తాళాలు, చెవులు ఇద్దరి దగ్గర. ఏ ఒక్కరూ ఒంటరిగా తలుపు తీయలేరు. మనిషిని నమ్మక కాదు, మనిషికి నింద రాకుండా అనేవారు ఆయన.

మార్చి 31 రాత్రి చూడాలి మా ఆఫీసు! ఆ రాత్రి దాటితే మంజూరైన నిధులు మురిగిపోతాయి. అన్ని డిపార్టుమెంట్ల గుమాస్తాలూ బిల్లుల కట్టలతో గుమ్మంలో నిలబడీవోరు. ఓ ఏడాది లెక్కలో 27 పైసలు తేలలేదు. నా జేబులోంచి వేసీస్తానన్నాను. ఆయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. తేడా తొమ్మిదితో తెగుతోందంటే ఎక్కడో అంకెలు తిరగబడ్డాయన్నమాట అని, మళ్లీ మొదటి చలానా నుంచి మొదలెట్టేరు. తెల్లారగట్ల దొరికింది: 63 పైసలు రాయాల్సినచోట 36. అప్పుడుగానీ టీ తాగలేదు, నన్ను తాగనివ్వలేదు.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా అయ్యింది. మన జిల్లాలోంచి బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి అటు పోయేయి. ఆ ఊళ్ల కాగితాలు కట్టలు కడుతూ మీ తాతగారు, ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టుందయ్యా అన్నారు. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడి పాలకొండ కూడా వెళ్లిపోతే, పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏప్రిల్ 1న చెయ్యొచ్చు కదా, 4వ తేదీ ఏటి?" అన్నారు. అప్పటికి రిటైరై ఇరవై ఏళ్లు!

పింఛను కోసం పల్లెల నుంచి వచ్చే ముసలోళ్లకి ఆయనే కాగితాలు నింపి, వేలిముద్ర వేయించి, చేతికంటిన సిరా తుడుచుకోడానికి గుడ్డముక్క ఇచ్చీవోరు. గుడ్డముక్క ఇచ్చిన ఆఫీసు ఇంకోటి నేను చూళ్లేదు.

58 ఏళ్లకి రిటైరయ్యేక లెక్కలు లేక రెండేళ్లు దిగులుగా తిరిగేరు. తరవాత నువ్వు బడికి వెళ్లడం, సాయంత్రం చెయ్యి పట్టుకుని ఏడురోడ్ల జంక్షన్ దాకా షికారు, నువ్వడిగినవన్నీ కొనడం. కొన్నదానికి పద్దు లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు కదా, నీ పేరున పుస్తకం తెరిచేరు. పుల్లైసు, పెన్సిలు, రథసప్తమికి అరసవల్లిలో కొన్న బుడగ, జీళ్లు, అన్నీ తేదీతో సహా. సిరిమానోత్సవానికి విజయనగరం తీసుకెళ్లినప్పుడు బస్సులో నీకు అరటిక్కెట్టు తీసింది కూడా రాసేరు.

మొదటి పేజీ చివర కూడిక ఎవరి అక్షరమో మళ్లీ చూడు. నువ్వు రెండో క్లాసు. అరుగు మీద బోర్లా పడుకుని, చేతిలో మిగిలిన ఒకటిని రెండుసార్లు కలిపీసి, 46 రావాల్సినచోట 56 వేసేవు. వేసి, "తాతా, టాలీ!" అని అరిచేవు. నేనక్కడే వక్క నములుతూ కూచున్నాను.

మర్నాడు ఆయన రెండో పేజీ పైన "వెనక పేజీ నుంచి తెచ్చినది: 56" అని రాసుకుంటుంటే ఉండబట్టక అడిగేను, "ఏటండీ, దిద్దరేటి?" అని.

"గుంట వేసిన కూడిక. దాని పుస్తకం," అని మూసీసేరు.

27 పైసల కోసం నన్ను రాత్రంతా కూచోబెట్టిన మనిషి! ఆ పది రూపాయలు ఎన్ని పేజీలు మోసేరో నువ్వే చూసేవు కదా. అన్నీ ఎర్ర సిరాతో దిద్దమంటావా అని అడిగేవు. ఎర్ర పెన్ను తీయకు.

ఆఖరి పేజీ ఆయన మొత్తం కట్టలేదన్నావు, దాన్ని నువ్వొక్కతివీ కట్టకు. దసరాకి వచ్చినప్పుడు పుస్తకం పట్టుకురా, ఇద్దరం అరుగు మీద కూచుని వేద్దాం. కళ్లజోడు మార్చేను, అంకెలు బాగానే కనబడుతున్నాయి.

ఇట్లు,
చిన్నతాత