ఖురాను పఠనము – ఉచ్చారణ శిక్షణము

మన పాఠశాలలో చదువుకొను ముస్లిము బాలబాలికలలో కొందరి యింటిభాష తెలుగు. దూదేకులవారు లేక నూర్‌బాషాలు అనబడు కుటుంబములలో తాతముత్తాతల నాటినుండి తెలుగే మాటలాడుదురు. 1953లో బళ్ళారి ప్రాంతము మైసూరు రాష్ట్రమున కలిసిన పిదప వీధిలో కన్నడము హెచ్చినదిగాని వంటయింటి తెలుగు మారలేదు. ఈ బిడ్డలు ఖురాను నేర్వబోవుచోట బోధన తరచుగా ఉర్దూలో జరుగును. అరబ్బీ అక్షరమును క్రొత్తదే, దానిని వివరించు భాషయు క్రొత్తదే. అందుచేత కొందరు తల్లిదండ్రులు తెలుగు లిపిలో అచ్చైన పుస్తకమును బిడ్డ చేతికిచ్చి ఊరకుందురు. మేమును చిన్ననాట అట్టి పుస్తకముతోనే నేర్చితిమి. నేర్చుటకు పట్టిన కాలముకంటె దిద్దుకొనుటకు పట్టిన కాలము మాకు చాల యెక్కువైనది.

2020లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పటినుండి ఆన్‌లైనులో ఒక్కొక్క విద్యార్థికి ప్రత్యేకముగ పాఠము చెప్పు పద్ధతి బాగుగ వ్యాపించినది. ఆ పాఠముల వలన ప్రయోజనమెంత, వానిని ఎట్లు ఎన్నుకొనవలయును అని పలువురు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. దానికి ముందు అసలు చిక్కు ఎక్కడనున్నదో చూతము.

జకాత్, అజాన్, రంజాన్, హాఫిజ్ అని మనము వ్రాయుదుము. నాలుగింటను ఒకే జకారము. అరబ్బీలో ఇవి నాలుగు వేర్వేరు అక్షరములు. జకాత్‌లోనిది ‘జాయ్’. మన ‘జడ’, ‘జాము’ మాటలలోని దంత్య జకారము దీనికి దగ్గరదే యనిపించును; కాని మన జకారమునందు నాలుక ఒకసారి తగిలి విడివడును, జాయ్‌లో తగులరాదు, గాలి ఎడతెగక పోవలయును. అజాన్‌లోనిది ‘ధాల్’. నాలుక కొనను పై దంతముల అంచున నుంచి గాలిని మెల్లగా విడువవలయును. హాఫిజ్‌లోని యక్షరమునకును నాలుక కొన అచ్చటనే యుండును, కాని నాలుక వెనుకభాగము అంగిటివైపు లేచుటచే ధ్వని బరువెక్కును. రంజాన్‌లోనిది ‘దాద్’. నాలుక ప్రక్కభాగమును పై దవడపండ్లకు ఆనించి పలుకవలసిన అక్షరమది. రమదాన్ అను పలుకుబడి మనకు వినవచ్చుట ఇందుచేతనే. ఉర్దూ పలుకుబడిలోను ఈ నాలుగును ఒకటియే యగును గనుక ఉర్దూ వచ్చినంతమాత్రమున ఈ తప్పు తొలగదు.

ఇది చెవికింపునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. కొండనాలుక దగ్గర పుట్టు కకారముతో ‘కల్బ్’ అనిన హృదయము. మన మామూలు కకారముతో అనిన కుక్క. గొంతు నడుమనుండి వెలువడు ‘ఐన్’తో ‘అలీం’ అనిన సర్వము నెరిగినవాడు. వట్టి అకారముతో అనిన బాధాకరమైనది. ఈ రెండు అలీములును ఖురానులో పలుమార్లు వచ్చును. ఒకటి దైవమును గూర్చిన విశేషణము, రెండవది శిక్షను గూర్చి తరచు వచ్చు విశేషణము. తెలుగు పుస్తకములో రెండింటికిని ఒకే రూపము! ఆ పుస్తకము మాత్రమే చదివిన బిడ్డకు తాను పొరపడుచున్నట్లు ఎన్నటికిని తెలియదు. తెలుగు లిపిని మేము తక్కువ చేయుటలేదు. అది తన భాష కొరకు పుట్టినది.

ఈ ఉచ్చారణ శాస్త్రమునకు తజ్వీద్ అని పేరు. 1350 మొదలు 1429 వరకు జీవించిన ఇబ్నుల్ జజరీ అను పండితుడు దీనిని పద్యరూపమున కూర్చి, అక్షరములు పుట్టు స్థానములను పదునేడుగ లెక్కించెను. అందు గొంతునందే మూడు స్థానములు, ఆరు అక్షరములు కలవు. కంఠ్యములు, తాలవ్యములు, దంత్యములు అని మన వ్యాకరణములో చదివిన బిడ్డకు ఈ విభాగము వింతగ తోచదు.

తెలుగు చదువు ఇంకను తోడ్పడును. హ్రస్వము ఒక మాత్ర, దీర్ఘము రెండు మాత్రలు అని ఛందస్సులో నేర్చినవానికి అరబ్బీ దీర్ఘమును రెండు మాత్రలు నిలుపుట సులభము. కొన్నిచోట్ల దానిని ఆరు మాత్రలవరకు సాగదీయుటను పిమ్మట నేర్చును. ద్విత్వమును నొక్కి పలుకుట మనకు సహజము. ‘సందడి’లో సున్నను నకారముగను, ‘సంబరము’లో మకారముగను ఎవరును చెప్పకయే పలుకుదుము. అరబ్బీలోను అచ్చులేని నకారము బకారమునకు ముందు వచ్చినచో మకారమగును. దీనినే ఇఖ్లాబ్ అందురు. నియమము క్రొత్తదికాదు, పేరు క్రొత్తది.

మనకు అడ్డువచ్చునది మన అజంతత్వము. బస్, కార్ మన నోట బస్సు, కారు అయినట్లే 112వ అధ్యాయములో వాక్యాంతమున వచ్చు ‘అహద్’ తెలుగు బిడ్డ నోట ‘అహదు’ అగును. అచ్చట దకారమును కొద్దిగ ఎగురనిచ్చి విడువవలయును. ఖల్‌ఖలా యనునది అదియే. ఎగురుట కొంచెము మించినచో ఉకారము పుట్టును. ఎంత కొంచెమో ఏ పుస్తకమును చెప్పజాలదు. ఒకరు పలుకగా వినవలయును, మనము పలుకగా వారు వినవలయును. అందుచేతనే ఈ విద్యలో గురుపరంపరను పేర్కొను ఇజాజా యను అనుమతిపత్రమునకు అంత గౌరవము.

కాబట్టి ఆన్‌లైను పాఠమున చూడవలసినది, గురువునకు బిడ్డ కంఠధ్వని యథాతథముగ చేరుచున్నదా యని. మా యింట జరిగినది చెప్పెదము. మా కుమారుని పాఠము నాలుగు నెలలు సెల్‌ఫోనులో, తిరుగుచున్న పంకా క్రింద సాగినది. గురువుగారు ‘బాగు, బాగు’ అనుచుండిరి. ఒకనాడు మా పేటలోని వృద్ధ హాఫిజ్ ఒకరు వాని పఠనము విని, గొంతు నడిమి ‘హా’ ఒక్కచోటనైనను పలుకలేదనిరి. పరిశీలింపగా, చుట్టుప్రక్కల రొద అణచుటకు ఆ యంత్రములో నున్న యేర్పాటు పంకా శబ్దముతోపాటు హకారపు ఒరపిడిని గూడ మ్రింగుచుండెనని తేలినది. గురువుగారికి వినబడినది సగము శబ్దము. మిగిలినది వారు ఊహించుకొనిరి. నాటినుండి పంకా ఆపి, తీగగల మైకు పెట్టి, జూమ్‌లో అసలు ధ్వనిని పంపు ఏర్పాటును ఎన్నుకొంటిమి. బిడ్డ పెదవులు, దంతములు కనబడునట్లు ముఖమునకు ఎదురుగ దీపముంచితిమి. మామూలు టెలిఫోను పిలుపు ఈ పనికి చాలదు. పాత పద్ధతి పిలుపులలో 3400 హెర్ట్‌జులకు పైబడిన ధ్వని పోదు, సకార భేదములలో హెచ్చుభాగము అంతకు పైననే యుండును.

గురువు నెన్నుకొనునప్పుడు ఏ పఠనరీతి యని అడుగుడు. మన దేశమున వాడుకలోనున్నది ఆసిం నుండి హఫ్స్ చెప్పిన రీతి. మొరాకో, అల్జీరియాలలో వర్ష్ రీతి ప్రబలము; మొదటి అధ్యాయములోనే మనము ‘మాలికి’ యని దీర్ఘముతో చదువు పదమును వారు హ్రస్వముతో చదువుదురు. రెండును ప్రామాణికములే, కాని బిడ్డకు మొదట ఒకటి చాలును. అట్లే మన దేశపు అచ్చుప్రతికిని మదీనా అచ్చుప్రతికిని గుర్తులలో భేదము కలదు. గురుశిష్యుల యెదుట ఒకే ప్రతి యుండవలయును. లేనిచో పాఠమున సగము గుర్తుల తగవులకే పోవును.

ప్రత్యేక పాఠమని చెప్పి ఆరుగురిని కూర్చుండబెట్టుట కూడ కద్దు. శబ్దము కొంచెము ఆలస్యముగ చేరును గనుక ఆన్‌లైనులో అందరు కలిసి చదువుట పొసగదు. తన వంతు కొరకు బిడ్డ ఊరక కూర్చుండును. అరగంట సేపైనను సరే, ఒక్కనికే చెప్పు గురువు మేలు. కడప, గుంటూరు, హైదరాబాదు ప్రాంతములనుండి తెలుగున వివరించు గురువు దొరకినచో, ఎంత ప్రసిద్ధుడైన దూరదేశపు గురువుకంటెను చిన్నబిడ్డకు వారే తగుదురని మా యభిప్రాయము. నాలుక ఎచ్చట నుంచవలయునో తల్లిభాషలో వినినప్పుడు బిడ్డ వెంటనే గ్రహించును. మధ్యదినములలో ఈజిప్టు పఠనాచార్యుడు మహమూద్ ఖలీల్ అల్ హుసరీ నెమ్మదిగ పఠించిన ధ్వనిముద్రణలు వినిపింపవచ్చును. అవి పలుకుట నేర్పును గాని తప్పు పట్టవు.

ఇప్పుడు మా కుమారుని పాఠమువేళ మా తల్లిగారును ప్రక్కన కూర్చుండుచున్నారు. ఆమెయు తెలుగు పుస్తకముతో నేర్చినవారే. మొదట వినుచు మాత్రమే యుండిరి. మొన్న పాఠము ముగిసి తెర ఆరిన పిదప వానిని పిలిచి, ‘అహద్ ఇంకొకసారి చెప్పరా, నాకు చివర ఉకారము వచ్చుచున్నది’ అనిరి.